తడవని తువ్వాలు

నాలుగింటికి అరెస్టు. గోడ గడియారంలో టైము ఒంటిగంటా నలభై.

డిటెక్టివ్‌కి అరచేతులు చెమట పట్టాయి. అందులో వింతేమీ లేదు, ఆమెకి లిఫ్టు ఎక్కాలన్నా పడతాయి. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు సర్వేయరుగా కాలిపోయిన గోడౌన్లూ నుజ్జయిపోయిన లారీలూ చూసి చూసి, ఏ వస్తువు మనిషిని ఎలా చంపగలదో ఆమెకి కంఠతా వచ్చేసింది. అంత తెలిశాక ధైర్యం ఎక్కడ మిగులుతుంది? తన వెనకాల జనం ‘పిరికి డిటెక్టివ్’ అంటారని ఆమెకి తెలుసు. అంటే అననీ. భయమున్నవాళ్ళే బతికి బట్టకడతారని ఆమె సిద్ధాంతం.

కానీ ఇవాళ్టి భయం వేరు. ఇవాళ జైలుకి పోబోయేది సొంత వదిన. అన్నయ్య పోయాక ఈ వర్క్‌షాపుని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. కార్లకి ఏసీలు బిగించడంలో పాతికేళ్ళ చెయ్యి.

“మొదటి నుంచి చెప్పు వదినా. పోలీసులకి చెప్పినట్టు కాదు, నాకు చెప్పు.”

“చెప్పిందే ఎన్నిసార్లు చెప్పనే? నోరు నొప్పి పుడుతోంది.”

“జైల్లో కావలసినంత విశ్రాంతి. ఇప్పుడు చెప్పు.”

వదిన నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. గుమ్మం దగ్గర స్టూలు మీద కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు, ఆవిడ పారిపోకుండా కాపలా. ఆవిడ అతనికి వీపు తిప్పి, బల్ల మీద ఎర్రా నీలం గొట్టాల గ్యాసు గేజీని పక్కకి జరిపి మొదలుపెట్టింది.

“పళ్ళ డాక్టరుగారి కారు. యాభై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఆయన ప్రాణమంతా దాని మీదే. ముప్పై ఏళ్ళ కిందట ఎవడో దానికి ఏసీ తగిలించాడు. కంప్రెసరా అది, ఇనప దిమ్మ. ఏసీ వెయ్యగానే ఇంజిన్ కుదేలయ్యేది, టకటక చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. ఇంత హడావుడీ చేసి అది ఇచ్చే చల్లదనం, జ్వరమొచ్చినవాడు ఊదినట్టు ఉండేది. పైగా లోపల చేరిన నీళ్ళు డ్రైవరు కాళ్ళ మీదే కారేవి.”

“నువ్వేం చేశావు?”

“మూడు వారాలు కూర్చుని అంతా మార్చేశా. చిన్న కొత్త కంప్రెసరు, చెవి ఆనించి విన్నా వినపడదు. ముందు కొత్త కండెన్సరు, దానికి కరెంటు ఫ్యాను. లావు గొట్టాల చోట సన్నవి. నీళ్ళు పోయే పైపుని ఎడమ పక్కకి మళ్ళించి కారు కిందకి దించేశా. లోపల చుక్క పడదు.”

“లావు గొట్టాల చోట సన్నవి వేస్తే, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య రేకులో పాత కన్నం మిగిలిపోదూ?”

“మిగులుతుంది. అందుకే రబ్బరు బిరడా వేసి బిగించా. చుట్టూ నల్ల లప్పం పెట్టి బొటనవేలితో నొక్కా.” ఆవిడ బొటనవేలు చూపించింది. గోటి సందులో నలుపు ఇంకా ఉంది. “మూయలేదని ఆ ఇన్‌స్పెక్టరు అంటాడు. మూశానే. నీ మీద ఒట్టు.”

“నా మీద వద్దు, నాకసలే భయం. పాత సామానేం చేశావు?”

“గోనెసంచిలో కట్టి కారుతోపాటే ఇచ్చేశా. మీ అన్నయ్య పెట్టిన పద్ధతి కదా, మార్చిన ప్రతి ముక్కా తిరిగి ఇచ్చెయ్యాలని. మార్చకుండానే మార్చామన్నారని రేపెవరూ అనకూడదు.”

ఆవిడ మేకుకి వేలాడుతున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంది. తెల్లటి మందపాటి తువ్వాలు, అంచున నీలం గీత. జిడ్డుగుడ్డల మధ్య అదొక్కటీ పెళ్ళివారిలా ఉంది.

“ఇదెక్కడిది? నీ షాపు స్థాయికి మించి ఉంది.”

“డాక్టరుగారిదే. ముప్పై ఏళ్ళుగా ఆయన కాళ్ళ కింద పరుచుకున్నది ఇలాంటివే, నీళ్ళు కారతాయని. నిన్న పదకొండున్నరకి కారు అప్పజెప్పి, చుక్క పడడం లేదని చూపిస్తే పసిపిల్లాడిలా మురిసిపోయాడు. ‘ఇక దీనికి రిటైర్మెంటు’ అని నా చేతిలో పెట్టాడు.” వదిన తువ్వాలు అంచు వేళ్ళకి చుట్టుకుంది. “నాలుగు గంటలు తిరక్కుండా పోయాడన్నారు. నా కారులో. నేను బాగుచేసిన కారులో.”

“పోయేముందు ఇంకేమన్నాడు?”

“మొదటిరోజు అరగంటసేపు కదలకుండా నిలబెట్టి ఏసీ నడపమన్నా. భోంచేసి ఆ పని చేస్తానన్నాడు. ఇంకోటి. సోమవారం క్లినిక్‌కి తాళం వేయించేస్తానన్నాడు. ఆయన మానేశాక బావమరిది నడుపుతున్నాడు కదా. ఆ అబ్బాయికి అసలు పట్టా లేదట, సర్టిఫికెట్టు దొంగదట. ‘తెలిశాక కూడా కళ్ళు మూసుకుంటే నేనూ దొంగనే’ అన్నాడు.”

“ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదా?”

“చెప్పకేం. ఆ అబ్బాయి నిన్న పొద్దున్నుంచి సాయంత్రందాకా క్లినిక్‌లోనే ఉన్నాడట. పదకొండుమంది సాక్షులు, అందరూ నోళ్ళు తెరుచుకుని.”

ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడవలేక. డిటెక్టివ్ లేచి, ఆ తువ్వాలు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఎందుకని వదిన అడగలేదు. చచ్చిపోయినవాడు ముట్టుకున్నది ఏదైనా సంచిలో వేసుకోవడం మరదలికి పాత అలవాటు.

“అమ్మాయ్,” అంది వదిన వెనకనుంచి. “నన్ను తీసుకుపోతారా?”

“పోనివ్వను,” అంది డిటెక్టివ్. ఆ మాట ధైర్యంగానే అంది గానీ, స్కూటర్లు దాటుకుని తన కారెక్కాక సీటు బెల్టు బిగిందో లేదో మూడుసార్లు లాగి చూసుకుంది.

రెండూ ఇరవైకి ఆమె పోలీసు స్టేషను వెనక పెరట్లో ఉంది. ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు రేకుల నీడన, బానెట్ తెరుచుకుని ఉంది. ఇన్‌స్పెక్టర్ దాని పక్కన సొంత కారులా చెయ్యి వేసి నిలబడ్డాడు. అతనికీ ఇలాంటి పాత కారొకటి ఉంది. ఆ విషయం అతను చెప్పని రోజు లేదు.

“రండి మేడమ్. వదినగారి తరఫున వకాల్తానా?”

“కారు తరఫున.”

“కారు తన సాక్ష్యం ఎప్పుడో చెప్పేసింది.” అతను పెన్నుతో ఇంజిన్ వెనక రేకు చూపించాడు. సన్నటి గొట్టాలు రెండు దూరిన చోట, వాటి చుట్టూ నిమ్మకాయ పట్టేంత ఖాళీ. “మధ్యాహ్నం రెండున్నరకి కారు గ్యారేజీలోంచి బయటికి తీశాడు. ఇంటి ముందు ఆరుబయట నిలబెట్టి, అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని కూర్చున్నాడు. మూడూ పదికి భార్య టీ తెచ్చి పిలిస్తే పలకలేదు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. పొగ విషమని పోస్టుమార్టం చేసినాయన తేల్చేశాడు. మూసిన గదిలోనైతే ఏ కారైనా చంపుతుంది. ఆరుబయట నిలబడ్డ కారులో మనిషెలా చస్తాడు? ఈ కన్నంలోంచి పొగ వస్తే చస్తాడు. కన్నం వదిలేసింది మీ వదిన.”

“మూసింది.”

“అయితే బిరడా ఏది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?”

డిటెక్టివ్ సంచి భుజాన సర్దుకుంది. ఆమె డ్రైవరు పక్క తలుపు తెరిచింది. కూర్చుని చూడాలి, తప్పదు. నిన్న ఈ సమయానికి ఈ సీట్లో ఒక మనిషి ఊపిరి ఆగిపోతున్నదని తెలియకుండా చల్లగాలికి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి, తలుపుని మోకాలితో ఆపి కూర్చుంది.

“ఇంజిన్ ఆపేసే ఉంది మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ పళ్ళికిలించి.

ఆమె వినిపించుకోలేదు. కాళ్ళ దగ్గర, పెడల్స్ కింద, మడతపెట్టిన తువ్వాలు ఉంది. తెల్లది, అంచున నీలం గీత. పొడుగ్గా మూడు మడతలు వేసి, చివర అంచు లోపలికి తిప్పి ఉంది. చెయ్యి వేసి చూసింది. ఎండబెట్టిన అప్పడంలా పొడిగా ఉంది. ఇంకొంచెం వంగి చూసింది. దాని మీద చెప్పు ముద్ర ఒక్కటి కూడా లేదు.

“ఇది మీవాళ్ళు పెట్టారా?”

“మేమేదీ కదపలేదు. పాత కార్ల సంగతి మీకేం తెలుసులెండి. ఏసీ నీళ్ళు కాళ్ళ మీద కారతాయి, అందుకని తువ్వాలు పరుచుకుంటారు. నా కారులోనూ ఉంది.”

“ఈ కారులో కారవు. వదిన పైపు మళ్ళించేసింది. డాక్టరు ఇక అక్కర్లేదని తన తువ్వాలు ఆవిడకే ఇచ్చేశాడు.” ఆమె సంచి తెరిచి చూపించింది. “అక్కర్లేదని తెలిసినవాడు ఇంటికెళ్ళి ఇంకోటి పరుచుకుంటాడా?”

ఇన్‌స్పెక్టర్ రెండు తువ్వాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. అతను మొండివాడే గానీ మూర్ఖుడు కాదు.

“అలవాటు,” అన్నాడు చివరికి. “ముప్పై ఏళ్ళ అలవాటు పూటలో పోదు. నేను సిగరెట్ మానేసి ఆరేళ్ళయింది, ఇప్పటికీ జేబు తడుముకుంటాను. తువ్వాలు పట్టుకుని హత్య అంటే జడ్జిగారు నవ్విపోతారు.”

“కారు బయటికి నడిపినవాడు బ్రేకూ క్లచ్చూ తొక్కాడా లేదా? కాలి ముద్ర ఏది?”

“ఉతికిన చెప్పులేమో.”

“ఇది హత్య, ఇన్‌స్పెక్టర్ గారూ.”

“ఇది చుట్టరికం, మేడమ్. మీరు సర్వేయరుగా ఉన్నప్పుడు సొంతవాళ్ళ కేసు ముట్టుకునేవారా?”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది, ఎందుకంటే అది నిజం. ఆమె కారు దిగి చేతులు దులుపుకుంది. అలవాటు అన్న మాట మాత్రం ముల్లులా ఎక్కడో దిగబడి, ఎంతకీ బయటికి రాలేదు.

“నేను డాక్టరుగారి ఇంటికి వెళ్తున్నాను. మూడూ యాభైకల్లా ఫోన్ చెయ్యకపోతే నాకోసం రండి.”

“భర్త పోయిన పెద్దావిడని పలకరించడానికి పోలీసు కాపలానా?”

“నాకు పిల్లిని పలకరించాలన్నా కావాలి.”

అతను పగలబడి నవ్వాడు. “వస్తాలెండి. ఎలాగూ నాలుగింటికి మీ వదినగారిని జీపెక్కించాలి. దారిలోదే ఆ ఇల్లు.”

మూడింటికి ఆమె గేటులోకి వచ్చి, కారు వెనక్కి తిప్పి, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా నిలిపింది. తాళం చెవి దానికే వదిలేసింది. ఏ ఇంటికి వెళ్ళినా ఇంతే. పారిపోవలసి వస్తే తాళం కోసం తడుముకోకూడదు. కారు తోక గ్యారేజీ షట్టర్‌కి పది అడుగుల దూరంలో ఉంది. గ్యారేజీ గచ్చు బయటి వైపుకి కొంచెం వాలుగా ఉంది, నీళ్ళు పోసి కడిగితే వాకిట్లోకి జారేలా. ఆ వాలు ఆమె కంట పడింది.

డాక్టరుగారి భార్య తలుపు తీసింది. అరవై ఏళ్ళ మనిషి, మెత్తటి గొంతు, నలగని బట్టలు. ఇల్లు ఆవిడలాగే ఉంది. కుర్చీలు గీత గీసినట్టు, పాత పేపర్లు అంచుకి అంచు కలిపి, చెప్పులు జతలు జతలుగా గోడ వైపు తిరిగి.

“కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చారు, దాహం పుచ్చుకోండి.”

గాజు గ్లాసు ట్రేలో వచ్చింది. గ్లాసు కింద చిన్న గుడ్డ. పొడుగ్గా మూడు మడతలు, చివర అంచు లోపలికి తిప్పి.

డిటెక్టివ్ గ్లాసు అందుకుంది. కన్ను ఆ గుడ్డ మీదే ఉండడంతో నీళ్ళు తొణికాయి. ఆవిడ వెంటనే వంగి, బల్ల తుడిచి, గుడ్డ మళ్ళీ అదే మడతలో పెట్టింది.

“రెండున్నరకి ఆయన కారు బయటికి తీశారని ఎలా తెలుసండీ?”

“వంటింట్లో గడియారం ఉంది కదమ్మా.”

“బయటికి వచ్చి చూశారా?”

“లేదు. చప్పుడు విన్నాను. ఏసీ వేశారు. ఇంజిన్ ఒక్కసారి కుదేలయింది, తర్వాత ఆ టకటక మొదలైంది. ముప్పై ఏళ్ళుగా వింటున్నదే.”

డిటెక్టివ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆ టకటకలాడే దిమ్మ నిన్న మధ్యాహ్నానికి గోనెసంచిలో ఉంది. కొత్తది చెవి ఆనించినా వినపడదు.

“ఎంతసేపు వినిపించింది?”

“మూడూ పది దాకా. ఆగకుండా వినిపిస్తోంది కాబట్టే బాగానే ఉన్నారనుకున్నాను.”

“కారు పనుల్లో మీరూ సాయం చేసేవారా?”

ఆవిడ మొహంలో మొదటిసారి చిన్న వెలుగు వచ్చింది. “టార్చి పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఏ పానా కావాలో నోరు తెరవకముందే అందించేదాన్ని. ఆయనకి విప్పడం, బిగించడం వచ్చు. సర్దడం రాదు. విప్పినవన్నీ ఏరి, ఎక్కడివి అక్కడ పెట్టేది నేనే. కాళ్ళ కింద తువ్వాలు వేసేది కూడా నేనే. తన బట్ట తను మడతపెట్టుకున్న పాపాన పోలేదు.”

ముల్లు బయటికి వచ్చింది. అలవాటే, ఇన్‌స్పెక్టర్ చెప్పింది నిజమే. కానీ ఎవరి అలవాటు?

ఇంటి ఫోను మోగింది. ఆవిడ తీసింది. “తిన్నావా నాన్నా? పప్పేదో నోట్లో వేసుకో. భయపడకు. రేపు మామూలుగా క్లినిక్ తెరువు. నేనున్నానుగా.” పెట్టేసి, కళ్ళు తుడుచుకుంది. “మా తమ్ముడు. అమ్మ పోయేనాటికి మూడేళ్ళవాడు. నా చేతుల్లోనే పెరిగాడు. మాకు పిల్లల్లేరు. తమ్ముడైనా కొడుకైనా వాడే.”

డిటెక్టివ్ గ్లాసు పక్కన పెట్టుకున్న ఫోనులో టైము మూడూ ఇరవై రెండు. డిటెక్టివ్‌కి ఒళ్ళంతా ఒకటే మాట చెబుతోంది, లేచి వెళ్ళిపొమ్మని. కానీ ఏం పట్టుకుని వెళ్తుంది? ముసలావిడ చప్పుడు విషయంలో పొరపాటు పడిందంటారు. మడత చూశానంటే జడ్జిగారి సంగతి అటుంచి ఇన్‌స్పెక్టరే నవ్వుతాడు. చేతికి చిక్కే వస్తువు కావాలి. నాలుగు దాటితే వదిన జైల్లో ఉంటుంది.

“గ్యారేజీ ఒకసారి చూడొచ్చా?”

“చూడండి. తాళం లేదు.”

మెత్తగా అన్న ఆ మాటకి ఆమెకి మరింత భయం వేసింది.

షట్టర్‌ని పైదాకా ఎత్తి, ఆమె మొట్టమొదట చేసిన పని కిందకి అడ్డం పెట్టడానికి ఏదైనా వెతకడం. మూసుకుపోయే తలుపున్న ఏ గదిలోకీ ఆమె అడ్డం పెట్టకుండా అడుగుపెట్టదు. గోడ వారన గోనెసంచి కనిపించింది. విప్పితే వదిన చెప్పిన ఇనప దిమ్మ, పాత కంప్రెసరు. రెండు చేతులా ఈడ్చుకొచ్చి షట్టరు దిగే చోట ఎడమ చివర పెట్టింది. అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది.

తర్వాత నేల చూసింది. కారు నిలిపే చోట దుమ్ము పరుచుకుని ఉంది, టైర్ల గుర్తుల మధ్య. ఎడమ వైపున మాత్రం పళ్ళెమంత మేర దుమ్ము లేదు. చుక్క చుక్కగా పడిన నీళ్ళు కడిగేసి, ఎండిపోయి వదిలిన తెల్లటి మచ్చ. కుడి వైపు అలాంటిదేమీ లేదు. పాత ఏసీ ఎడమ వైపు చుక్క కార్చి ఎరగదు. అంటే కొత్త ఏసీ ఇక్కడే నడిచింది, ఈ గదిలోనే, చాలాసేపు.

ఆమె తల ఎత్తింది. గోడకి కొక్కెం, దానికి చేతిమందం రబ్బరు గొట్టం చుట్టలు చుట్టి ఉంది. దాని ఎత్తులో గోడకి బయటికి కన్నం. ఆమెకి అర్థమైంది. డాక్టరు జాగ్రత్తపరుడు. ఎండ తగలకుండా షట్టర్ దించుకుని ఇంజిన్ నడిపేటప్పుడు, పొగ గొట్టానికి దీన్ని తొడిగి పొగని గోడ బయటికి పంపేవాడు. నిన్న కూడా తొడిగే కూర్చున్నాడు. ఎవరో దాన్ని నిశ్శబ్దంగా ఊడదీసి, చుట్ట చుట్టి, కొక్కేనికి తగిలించారు. పని అయ్యాక షట్టర్ ఎత్తి, పొగ పోనిచ్చి, హ్యాండ్ బ్రేకు వదిలేసి ఒక్క తోపు తోశారు. వాలు మిగతాది చూసుకుంది. తేలికపాటి కారు, దానికి మగవాడి బలం అక్కర్లేదు.

మరి నేరం వదిన మీదకి పోయేలా లాగేసిన బిరడా? మాయం చెయ్యాలంటే కాలవలో పారెయ్యొచ్చు. కానీ ఈ ఇంట్లో వస్తువులు పారెయ్యరు, సర్దుతారు. విప్పిన ముక్కలు ఎక్కడ ఉండాలి?

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గోనెసంచిలో చెయ్యి పెట్టింది. తుప్పు పట్టిన బ్రాకెట్లు, చీలిన లావు గొట్టాలు, వాటి మధ్య మెత్తగా కొత్త రబ్బరు తగిలింది. బయటికి తీసింది. చుట్టూ నల్ల లప్పం, లప్పంలో రేకు అంచు గుర్తు గాడిలా పడి ఉంది, దాని పక్కనే బొటనవేలి ముద్ర. కన్నానికి బిగించి ఉన్న దాన్ని లాగేస్తే తప్ప అలాంటి గాడి ఉండదు.

“వదినా,” అంది ఆమె పైకే, బిరడాని భుజాన ఉన్న తన సంచిలో వేసుకుంటూ.

షట్టర్ దడదడమని దిగింది.

వెలుగు ఒక్కసారిగా పోయింది. కుడి చివర నేలకి కొట్టుకుంది, ఎడమ చివర ఇనప దిమ్మ మీద ఆగింది, మొత్తం షట్టర్ ఏటవాలుగా ఇరుక్కుపోయింది. ఆమె పరిగెత్తి రెండు చేతులా ఎత్తబోయింది. కదల్లేదు. భుజం పెట్టింది. కదల్లేదు. తను పెట్టిన అడ్డమే దాన్ని గాడిలో బిగించేసింది. ఎడమ మూల జానెడు సందు మాత్రం మిగిలింది.

చీకటి, వేడి, మూసిన గది. ఏ పీడకలలో ఆమె ఏళ్ళ తరబడి ఉలిక్కిపడి లేస్తుందో, సరిగ్గా అదే. షట్టర్ మీద అరచేతులతో కొట్టింది. ఫోను కోసం తడుముకుంది. ఫోను ఆ ఇంట్లో బల్ల మీద, గ్లాసు పక్కన ఉంది.

సందులోంచి రెండు పాదాలు కనిపించాయి. శుభ్రమైన చెప్పులు.

“మీకు భయం ఎక్కువని విన్నానమ్మా,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. “పడుకోండి. నొప్పి ఉండదు. ఆయనకీ లేదు.”

“తలుపు తియ్యండి. పోలీసులొస్తున్నారు.”

“వచ్చేలోగా అయిపోతుంది. నిన్న పావుగంట కూడా పట్టలేదు. వాడు జైలుకి పోతే బతకడమ్మా. చిన్నప్పటి నుంచీ చీకటంటే భయం వాడికి.”

పాదాలు వెళ్ళిపోయాయి. తర్వాత ఇంకో చప్పుడు వినిపించింది. అది తన కారు స్టార్టయిన చప్పుడు. పారిపోవడానికి వీలుగా తను వదిలేసిన తాళం, తను గ్యారేజీ వైపు తిప్పిన తోక. తన జాగ్రత్తలన్నీ వరసకట్టి తన మీదకే వచ్చాయి.

కొక్కెం వంక చూసింది. అక్కడ చుట్ట అలాగే ఉంది, అది లేకుండా ఆవిడ పొగని లోపలికి ఎలా పంపుతుంది? ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ క్షణమే సందులోంచి ఇంకో గొట్టం లోపలికి పాములా జారింది, తోటకి నీళ్ళు పట్టే లావు గొట్టం. దాని మూతి వేడిగా, తెల్లగా ఊదుతోంది.

ఆమె దాన్ని బయటికి తోసింది. అవతల నుంచి మళ్ళీ తోశారు, ఈసారి మీద ఏదో బరువు పెట్టి. కళ్ళు మండాయి. కణతలు కొట్టుకోవడం మొదలైంది. పావుగంట కూడా పట్టలేదు. నేల మీద బోర్లా పడి సందు దగ్గర మొహం పెట్టింది. వచ్చే కొంచెం గాలీ ఆ గొట్టం పక్కనుంచే వస్తోంది. ఇన్‌స్పెక్టర్ నవ్వుకుంటూ స్టేషన్‌లో టీ తాగుతుంటాడని, తన శవం పక్కన వదినకి బేడీలు వేస్తారని అనిపించి, భయం ఏడుపైంది. ఏడుస్తూనే చెయ్యి తన భుజం సంచిలోకి పోయింది. మెత్తగా, మందంగా ఏదో తగిలింది.

తువ్వాలు.

ఆమె దాన్ని మెలిపెట్టి గొట్టం మూతిలోకి దూర్చింది. బొటనవేలితో నొక్కింది, వదిన లప్పం నొక్కినట్టు. రబ్బరు చెయ్యి కాల్చింది, వదల్లేదు. మిగిలిన చివర కూడా కుక్కి, రెండు అరచేతులూ అడ్డం పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. బయట కారు గుక్క తిప్పుకోలేనట్టు మూలిగింది. ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

నిశ్శబ్దంలో ఆమెకి తన ఊపిరి ఒక్కటే వినిపించింది. దాన్ని లెక్కపెడుతూ అలాగే పడి ఉంది. రెండు వందల పన్నెండు దగ్గర గేట్లో జీపు ఆగింది.

షట్టర్‌ని ఒక వైపు ఇన్‌స్పెక్టర్, ఒక వైపు అతను ముందే జీపెక్కించుకుని తెచ్చిన వదిన పట్టి ఎత్తారు. వదిన ఆమెని వెలుగులోకి లాగి, ఒళ్ళో పడేసుకుని, వీపు మీద చరుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. “లిఫ్టు ఎక్కలేనిదానివి ఇందులోకి ఎందుకు దూరావే? నేను జైలుకి పోతే రొట్టెలైనా పెట్టేవాళ్ళు. నువ్వు పోతే నాకెవరే?”

డిటెక్టివ్ సంచిలోంచి రబ్బరు బిరడా తీసి చూపించింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసుకుని, లప్పంలో గాడి చూశాడు. బొటనవేలి ముద్ర చూశాడు. ఆ తర్వాత అతను చూస్తున్నది బిరడాని కాదు.

డాక్టరుగారి భార్య వాకిట్లో నిలబడి ఉంది. పారిపోలేదు. గొట్టం చుట్ట చుట్టి పక్కన పెట్టింది. దాని మూతిలోంచి లాగిన తువ్వాలుని దులిపి, మసి పట్టిన వైపు లోపలికి వచ్చేలా మడతపెడుతోంది. పొడుగ్గా మూడు మడతలు. చివర అంచు లోపలికి. ఆవిడ చేతులు ఆ పని చేస్తున్నట్టు ఆవిడకే తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసేశాడు. డిటెక్టివ్ వంక చూసి తల వంచాడు.

“ఒక్కటి అడుగుతాను,” అంది డిటెక్టివ్ బొంగురు గొంతుతో. “ఆయన పోయాక ఆ తువ్వాలు ఎందుకు పెట్టారు? అది లేకపోతే నాకేమీ తెలిసేది కాదు.”

ఆవిడ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. “కాళ్ళు తడుస్తాయి కదమ్మా. తడి కాళ్ళంటే ఆయనకి పడదు.”

“ఇక తడవవమ్మా,” అంది వదిన నెమ్మదిగా. “చుక్క పడకుండా పైపు మళ్ళించాను. నిన్న ఆయనకి చూపించాను కూడా. మీకు చెప్పలేదా?”

మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి.

“భోజనం దగ్గర ఏదో చెప్పబోయారు,” అంది ఆవిడ. “నవ్వుతూ మొదలుపెట్టారు. ‘నీకో పని తప్పిపోయింది తెలుసా’ అన్నారు. నేను వినిపించుకోకుండా తమ్ముడి మాట ఎత్తాను.”